పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

తెనాలి అక్షరం:

అందరికీ నమస్కారం. తెనాలిలో చిన్న డీటీపీ సెంటరు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఏడాదికి రెండో మూడో పుస్తకాలు. పుస్తకాలు పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో చేస్తాను. శుభలేఖలకు కోరల్‌డ్రా. నేను పని ఇచ్చే ప్రెస్సు వాళ్లు ఇప్పటికీ ఆ ఫైళ్లే అడుగుతారు కాబట్టి నేనూ మారలేదు.

సిస్టమ్ 2014లో విజయవాడలో అసెంబుల్ చేయించాను. ఇంటెల్ కోర్ ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. విండోస్ 10 నడుస్తోంది. ఇన్నేళ్లలో ఒకసారి కీబోర్డు, రెండుసార్లు యూపీఎస్ బ్యాటరీ మార్చాను. మరి దేని జోలికీ పోలేదు.

ఆరు నెలలుగా చాలా నెమ్మదించింది. పొద్దున షట్టరు ఎత్తి, సిస్టమ్ ఆన్ చేసి, ఊడ్చి, దేవుడి పటానికి దండం పెట్టుకుని వచ్చినా ఇంకా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. నిన్న ఫోనులో టైము పెట్టి చూశాను. బటన్ నొక్కినప్పటి నుంచి పేజ్‌మేకర్ తెరుచుకునేదాకా 9 నిమిషాల 40 సెకన్లు పట్టింది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 8, 10 శాతం దాటడం లేదు, డిస్కు మాత్రం 100 శాతం దగ్గర ఎర్రగా నిలబడిపోతోంది. అప్పుడప్పుడు క్యాబినెట్ లోపలి నుంచి గోటితో రేకు మీద కొట్టినట్టు టక్, టక్ అని వినిపిస్తోంది. ఇంకొకటి, రోజూ పొద్దున తేదీ 2014 జనవరి 1కి వెళ్లిపోతోంది. అది సరిచేస్తే తప్ప బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకోదు.

ఒక షాపులో చూపించాను. మూత విప్పకుండానే 'మదర్‌బోర్డు పోయిందమ్మా, కొత్త సిస్టమ్ తీసుకోండి, 42,000 అవుతుంది' అన్నారు. ఇప్పుడు నా దగ్గర అంత లేదు. ఆరేడు వేల వరకైతే పెట్టగలను.

అసలు భయం వేరే ఉంది. మా ఊళ్లో విశ్రాంత తెలుగు మాస్టారు ఒకరు నలభై ఏళ్లుగా సామెతలు సేకరిస్తున్నారు. ఆయన చేతిరాత నోటు పుస్తకాలు తొమ్మిది దగ్గర పెట్టుకుని ఐదు నెలలుగా టైపు చేస్తున్నాను. 312 పేజీలు అయ్యాయి. ఆ ఫైళ్లు ఈ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. పండక్కి పుస్తకం చేతికిస్తానని మాట ఇచ్చాను.

హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే బాగుపడుతుందా? ర్యామ్ కూడా పెంచాలా? లేక ఇంత పాతదాని మీద డబ్బు పెట్టడం దండగా?

సర్వీసు బల్ల:

అమ్మా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో 19 ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నాను. వేగం సంగతి రేపు మాట్లాడుకుందాం. ఈ రోజు ముందు ఆ 312 పేజీలను బయటికి తీయండి. టక్ టక్ చప్పుడు మదర్‌బోర్డుది కాదు, హార్డ్ డిస్కుది. లోపల పళ్లెం మీద ఒక చోట చదవలేక దాని తల వెనక్కి వెళ్లి మళ్లీ వస్తోంది. అలా ప్రయత్నిస్తున్నంతసేపూ విండోస్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. డిస్కు 100 శాతం అని చూపిస్తున్నా ప్రాసెసర్ ఖాళీగా ఉండటానికి కారణం ఇదే.

ఇలా చేయండి. బయటి హార్డ్ డిస్కు ఒకటి కొనండి, లేదా ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. పుస్తకం ఫోల్డరు ముందు, ఆ తర్వాత మిగతా పని ఫైళ్లు, తర్వాత ఫాంట్లు కాపీ చేయండి. సినిమాలు, పాటలు ఉంటే వాటి జోలికి పోవద్దు. ప్రతి నిమిషమూ ఆ డిస్కు ఆయుష్షులోంచే పోతుంది. ఐదారు వందలకు 2 టీబీ అంటూ అమ్మే పెన్‌డ్రైవులు మాత్రం కొనకండి. అందులో నిజంగా ఉండేది 16 జీబీయో 32 జీబీయో. అది నిండాక మీద పడేవన్నీ మాయమవుతాయి, పేర్లు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. అలా పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్న వాళ్లు నా బల్ల ముందు ఏడ్చారు.

డిస్కులో తప్పులు వెతికే చెక్ డిస్క్ ప్రోగ్రామ్‌ను ఎవరైనా నడపమంటే కాపీ పూర్తయ్యేదాకా వద్దనండి. ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు అది మంచిదే. కొనఊపిరితో ఉన్నదాన్ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చదివిస్తే మధ్యలోనే పోవచ్చు.

డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఒకటి ఉంది. దానిలో 05, సీ5 అనే రెండు వరుసలు చూసి చెప్పండి. 05 అంటే పాడైపోయాయని డిస్కే తేల్చుకుని పక్కన పెట్టేసిన గదులు. సీ5 అంటే చదవలేక ఇంకా తేల్చుకోలేకపోతున్న గదులు. నాకు రెండోదే ఎక్కువ భయం. మీ ఫైలు ఆ గదుల్లో ఉండొచ్చు.

తేదీ వెనక్కి పోవడం చిన్న విషయం. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. పన్నెండేళ్లకు అయిపోయింది. తేదీ తప్పుగా ఉంటే సైట్ల భద్రతా పత్రాల గడువు సరిపోలదు, అందుకే బ్రౌజర్ తెరవనివ్వడం లేదు. దీన్ని చూసి మదర్‌బోర్డు పోయిందనడం అన్యాయం.

నీలి తెర:

పెద్దలు చెప్పినట్టు ముందు ఫైళ్లు దాచుకోండి అక్కా. ఆ తర్వాత విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. ఈ సిస్టమ్ మీద డబ్బు పెట్టకండి. మీ ప్రాసెసర్ నాలుగో తరానిది, రెండు కోర్లు. విండోస్ 11కు ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

కంపెనీలు వాడి వదిలేసిన ఆఫీసు డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరులో దొరుకుతాయి. ఐ5-8500 ఉన్నది చూడండి. 2018 నాటిది, ఆరు కోర్లు, విండోస్ 11 తీసుకుంటుంది. నేను నిరుడు మా నాన్న కోసం ఒకటి తెచ్చాను, ఇంతవరకు ఒక్క ఇబ్బందీ లేదు. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి: ఈ కంపెనీ డెస్క్‌టాప్‌లలో చాలావాటికి పవర్ సప్లై, మదర్‌బోర్డు మామూలు కొలతల్లో ఉండవు. రేపు పవర్ సప్లై పోతే బజారులో దొరికేది అందులో పట్టదు. పెద్ద సైజు క్యాబినెట్ ఉన్నదైతే కొంత నయం.

లెక్కల మాస్టారు:

నల్లగొండ నుంచి రాస్తున్నాను. నా దగ్గరా హెచ్81 బోర్డే ఉంది, ప్రాసెసర్ ఐ5-4440. మూడేళ్ల కిందట ఎస్‌ఎస్‌డీ వేశాను. బడి ప్రశ్నపత్రాలన్నీ ఇప్పటికీ దాని మీదే చేస్తాను. కాబట్టి నీలి తెర గారి మాటతో నేను ఏకీభవించను. కారణం లెక్క వేసి చెబుతాను.

మీ డిస్కు నిమిషానికి 7,200 సార్లు తిరిగేదే అనుకుందాం. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా అవే ఉంటాయి. అంటే సెకనుకు 120 చుట్లు, ఒక్కో చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు. కావలసిన అక్షరం తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, 4 మిల్లీ సెకన్లు. అంతకుముందు తల ఆ వరుస దాకా జరగాలి, దానికి మరో 8, 9. మొత్తం 12, 13 మిల్లీ సెకన్లు. సెకనులో ఇలాంటివి 80 దాకా చేయగలదు. ఇది కొత్త డిస్కు సంగతి. విండోస్ లేచేటప్పుడు చిన్న చిన్న ఫైళ్లు వేలకు వేలు అక్కడొకటి ఇక్కడొకటి చదవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెమే లేదు, హార్డ్ డిస్కులాగే సాటా కేబులుతో తగిలించే మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకు వేల సంఖ్యలో చదువుతుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి మీ ఐ3 ప్రాసెసర్ ఎక్కువే కానీ తక్కువ కాదు. ఇబ్బంది ప్రాసెసర్‌లో లేనప్పుడు ప్రాసెసర్ మార్చి ఏమి లాభం?

ఇక డబ్బు. రేపు కొత్త సిస్టమ్ కొన్నా దానిలోకి వెళ్లే వస్తువు మీద ఖర్చు పెట్టండి, ఇక్కడే ఉండిపోయేదాని మీద చేయి బిగించండి. సాటా ఎస్‌ఎస్‌డీ కొత్త డెస్క్‌టాప్‌లోనూ పనిచేస్తుంది. యూపీఎస్ కూడా అంతే. డీడీఆర్3 ర్యామ్ మాత్రం కొత్త బోర్డులో పట్టదు. కాబట్టి ఎస్‌ఎస్‌డీ కొత్తది, మంచి కంపెనీది తీసుకోండి. ర్యామ్ వాడినది 4 జీబీ ఒకటి చాలు. హెచ్81 బోర్డు మీద ర్యామ్ గుచ్చే గాళ్లు రెండే ఉంటాయి, ఒకటి ఖాళీగా ఉండాలి. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అది ఇవ్వబోతే తీసుకోకండి. డెస్క్‌టాప్‌దని గట్టిగా చెప్పండి. ఎన్‌వీఎంఈ అని ఇంకో రకం ఎస్‌ఎస్‌డీ చూపిస్తారు. అది పెట్టడానికి మీ బోర్డు మీద చోటు ఉండదు. మీకు కావలసింది రెండున్నర అంగుళాల సాటా.

విండోస్ 10 గురించి కంగారు వద్దు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగులను ఆ ఖాతాలో దాచుకోవడానికి ఒప్పుకుంటే డబ్బు కూడా కట్టనక్కరలేదు. కొత్త సిస్టమ్‌కు డబ్బు కూడబెట్టుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది.

తెనాలి అక్షరం:

మీ ముగ్గురికీ చాలా కృతజ్ఞతలు. మా ఆడపడుచు దగ్గర బయటి హార్డ్ డిస్కు తెచ్చుకుని రాత్రి పదింటికి మొదలుపెట్టాను. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో పసుపు రంగు గడి వచ్చింది, జాగ్రత్త అని. 05 ఎదురుగా సున్నాల చివర 1ఏ8 అని ఉంది. సీ5 ఎదురుగా 38. ఒకదానిలో అక్షరం ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు.

పుస్తకం ఫోల్డరులో అక్షరానికొక ఫైలు చొప్పున పెట్టుకున్నాను. అ నుంచి ద దాకా గబగబా వచ్చేశాయి. 'న' దగ్గర ఆగిపోయింది. నలభై నిమిషాలు పచ్చ గీత అలాగే ఉంది, ఆ తర్వాత ఎర్రర్ వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. సిస్టమ్ ఆపేసి ఇంటికి వెళ్లాను. ఇప్పుడేమి చేయాలి?

సర్వీసు బల్ల:

ఆపేసి మంచిపని చేశారు. ఆ అంకెలు పదహారు ఆధారంగా రాసినవి, అందులో పదికి బదులు ఏ అని రాస్తారు. 1ఏ8 అంటే 424, 38 అంటే 56. అంటే 424 గదులను డిస్కు ఇప్పటికే పక్కన పెట్టింది, మరో 56 దగ్గర తడబడుతోంది. మీ 'న' ఆ 56లో ఎక్కడో ఉంది.

ఇప్పుడు 'న'ను వదిలేసి ప నుంచి చివరిదాకా తీయండి. పాడైన ఫైలు కోసం పట్టుబడితే మంచి ఫైళ్లు కూడా పోతాయి. విండోస్‌లోనే రోబోకాపీ అనే ఆదేశం ఉంది. అయితే దాన్ని అలాగే వాడకండి. చదవలేని ఫైలు వస్తే మామూలుగా అది పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ఒక్కోసారికి మధ్య 30 సెకన్లు ఆగుతుంది. ఆ రెండు విలువలనూ 1కి తగ్గించి నడపండి. చదవలేనిదాన్ని వదిలేసి ముందుకు పోతుంది.

అంతా అయ్యాక డిస్కును ఒక పూట చల్లారనిచ్చి 'న' ఒక్కదాన్నే రెండు మూడు సార్లు ప్రయత్నించండి. రాకపోతే ఇక వదిలేయండి. ఎవరికైనా ప్రూఫు పంపారేమో, కాగితం మీద తీశారేమో వెతకండి.

ఎస్‌ఎస్‌డీలోకి పాత డిస్కును యథాతథంగా దించుతామని ఎవరైనా అంటే వద్దనండి. పాడైన గదులతో సహా కాపీ చేయబోయి మధ్యలో ఆగిపోతుంది. విండోస్ కొత్తగా ఎక్కించుకోండి. మీది సరైన లైసెన్సుదైతే అదే మదర్‌బోర్డు కాబట్టి మళ్లీ కీ అడగదు, నెట్ తగలగానే తనే గుర్తుపడుతుంది. అను ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రామ్ మాత్రం ముందే విడిగా దాచుకోండి.

తెనాలి అక్షరం:

ఎనిమిది రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. జరిగిందంతా రాస్తాను, నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉంటే ఉపయోగపడుతుంది.

ప నుంచి క్ష దాకా అన్నీ వచ్చాయి. కోరల్‌డ్రా ఫైళ్లు పదకొండు వందల చిల్లరలో ఏడు రాలేదు. ఏడూ పాత శుభలేఖలే. 'న' నాలుగుసార్లు ప్రయత్నించినా రాలేదు. 22 పేజీలు.

విడి భాగాలు విజయవాడ వెళ్లి కొన్నాను. 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 4,300, వాడిన 4 జీబీ ర్యామ్ 500, బ్యాటరీ 40. మొత్తం 4,840 రూపాయలు.

మూత నేనే విప్పాను. పన్నెండేళ్లలో మొదటిసారి. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద, రేకుల సందుల్లో దుమ్ము దుప్పటిలా అల్లుకుపోయి ఉంది. పెయింటు బ్రష్షుతో దులిపితే ఒక పొర మొత్తం చాపలా లేచి వచ్చింది. ఎస్‌ఎస్‌డీని చేతిలోకి తీసుకుంటే లోపల ఏమైనా ఉందా అన్నంత తేలిగ్గా ఉంది. క్యాబినెట్‌లో దానికి సరిపడే గూడు లేదు. ఒక పక్క రెండు మరలు బిగించి, రెండో పక్క రెండు వైపులా అంటుకునే టేపు వేశాను. ర్యామ్ మొదట సగమే దిగింది, ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. గుండె ఆగినంత పనయింది. తీసి, రెండు చివర్లా బొటనవేళ్లతో గట్టిగా నొక్కితే చిన్న గొళ్లెం టప్పున పడింది. అప్పుడు వెలిగింది.

విండోస్ ఎక్కించాక 'అ' ఫైలు తెరిచాను. తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పేజీ నిండా. రెండు క్షణాలు ఊపిరాడలేదు. తర్వాత సర్వీసు బల్ల గారు ఫాంట్లు విడిగా దాచుకోమన్న మాట గుర్తొచ్చింది. ఫాంట్లు వేసి మళ్లీ తెరిస్తే ఒక్కసారిగా అక్షరాలన్నీ తెలుగులోకి మారాయి.

బటన్ నొక్కినప్పటి నుంచి పేజ్‌మేకర్ తెరుచుకునేదాకా ఇప్పుడు 48 సెకన్లు. మూడుసార్లు చూశాను. తేదీ నిలబడుతోంది.

'న' సంగతి మాస్టారికి చెప్పడానికి రెండు రోజులు ధైర్యం చాలలేదు. చెబితే ఆయన లోపలికి వెళ్లి ప్రూఫు కాగితాలు తెచ్చారు. నేను డిసెంబరులో ఇచ్చినవే, ఆయన ఎర్ర సిరాతో దిద్దినవి. 'నవ్విన నాపచేనే పండుతుంది' దగ్గర నేను 'నాపచేనే' ముక్కను విడగొట్టి 'నాప చేనే' అని వేశాను, దాన్ని కలుపుతూ గీత పెట్టి ఉంది. ఆయన పక్కన కుర్చీ వేసుకుని చదువుతుంటే నేను టైపు చేశాను, రెండు సాయంత్రాలు పట్టింది. చదువుతూ చదువుతూ ఇంకో మూడు సామెతలు గుర్తు తెచ్చుకుని చేర్పించారు. ఇప్పుడు ఆ ఫోల్డరు మూడు చోట్ల ఉంది: నా సిస్టమ్‌లో, నేను కొనుక్కున్న బయటి డిస్కులో, మాస్టారి ఇంట్లో పెన్‌డ్రైవులో. ఆ పెన్‌డ్రైవును కూడా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి, చదివించి చూశాకే ఇచ్చాను.

చివరగా ఒక్క సందేహం. పాత డిస్కును పాత సామాను వాళ్లకు ఇచ్చేయవచ్చా?

లెక్కల మాస్టారు:

చాలా సంతోషంగా ఉందమ్మా. ఒక్క మాట. ఎస్‌ఎస్‌డీ కేబులును బోర్డు మీద ఎక్కడ గుచ్చారో చూడండి. హెచ్81లో సాటా గాళ్లు నాలుగు, వాటిలో రెండే 6 జీబీపీఎస్ వేగంవి, మిగతా రెండు 3. పక్కన చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. పేజ్‌మేకర్ తెరవడంలో తేడా కంటికి కనబడదు, పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు తెలుస్తుంది. ఈసారి దుమ్ము దులపడానికి మూత తీసినప్పుడు మార్చుకోండి చాలు.

సర్వీసు బల్ల:

ఇవ్వకండి అమ్మా. డీటీపీ సెంటరు డిస్కు అంటే ఊరి జనం ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు స్కాన్ చేసినవన్నీ అందులో ఉంటాయి. ఫైళ్లు డిలీట్ చేసినా చాలావరకు మళ్లీ పైకి లాగవచ్చు. అది సగం పాడైన డిస్కు కాబట్టి పూర్తిగా తుడవడం కూడా కుదరదు. మీ మాస్టారి పుస్తకం అచ్చయి చేతికి వచ్చేదాకా ఒక గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. తర్వాత నక్షత్రం ఆకారపు మరలు విప్పే స్క్రూడ్రైవరు, టీ8 కొలతది, తెచ్చుకుని మూత తీయండి. ఒక మర పైనున్న స్టిక్కరు కింద దాక్కుని ఉంటుంది, అది దొరక్క చాలామంది మూత విరగ్గొడతారు. లోపలి పళ్లేన్ని మేకుతో నాలుగైదు చోట్ల లోతుగా గీసి, సుత్తితో వంచేయండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, కొన్ని పళ్లేలు గాజువి ఉంటాయి. ఆ తర్వాత పాత సామానుకు ఇవ్వవచ్చు.